ఒకే ఫీడరు మీద రెండు చేతులు

మా అమ్మాయి కుడి చేత్తో గ్లాసు పట్టుకున్నప్పుడల్లా ఎడమ చెయ్యి కూడా గాలిలో ముడుచుకునేది. ఎడమ చేత్తో అక్షరాలు రాస్తుంటే ఒడిలో ఉన్న కుడి చేతి వేళ్లు అదే లయలో కదిలేవి. చాలా కాలం నేను దీన్ని అశ్రద్ధ అనుకున్నాను. "ఆ చెయ్యి కదపకుండా ఉంచు తల్లీ" అని రోజుకు ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. హోంవర్కు చేయించేటప్పుడు విసుగొచ్చి ఆ చేతిని బల్లకేసి నొక్కిపట్టిన రోజులు కూడా ఉన్నాయి. చెయ్యి కదులుతున్న సమయంలోనే మెదడును స్కాన్ చేసి చూడడం (దీన్ని ఫంక్షనల్ ఎమ్మారై అంటారు) ఆమెకు తొమ్మిదేళ్లు నిండాక జరిగింది. నేను అన్నేళ్లు ఆపమన్న ఆ కదలికను ఆపడం ఆమె చేతిలో లేదని అప్పుడు తెలిసింది. సెరిబ్రల్ పాల్సీ (ఎదుగుతున్న మెదడుకు తగిలిన గాయం వల్ల శరీరం కదలికలు దెబ్బతినే స్థితి) ఉన్న పిల్లల తల్లిదండ్రులకు ఈ పరీక్ష ఎలా జరుగుతుందో, దాని నుంచి ఏమి తెలుస్తుందో, ఏమి తెలియదో చెప్పాలని ఈ అనుభవం రాస్తున్నాను.

మాది నంద్యాల ప్రాంతం. నేను విద్యుత్తు శాఖలో సబ్ ఇంజనీరును. పాప నెలలు నిండి, ఏ ఇబ్బందీ లేకుండా పుట్టింది, పుట్టగానే ఏడ్చింది. ఐదో నెలలో బొమ్మ ఏ వైపు చూపినా ఎడమ చెయ్యే చాచడం, కుడి పిడికిలి బొటనవేలిని లోపలికి పెట్టుకుని బిగుసుకుని ఉండడం నా భార్య గమనించింది. అప్పుడు చూపించుకున్న డాక్టరు గారు ఎడమచేతి వాటం అయి ఉంటుందన్నారు. మేమూ అదే నమ్మి తేలికపడ్డాము. ఏడాది నిండకముందే బిడ్డ ఒక చేతినే వాడుతుంటే దాన్ని వాటంగా తీసుకోకూడదని, రెండో చేతికి ఏమైందో వెంటనే చూడాలని మాకు ఎవరైనా చెప్పి ఉంటే తొమ్మిది నెలలు కలిసి వచ్చేవి. పద్నాలుగో నెలలో, మత్తు ఇచ్చి, మొదటి ఎమ్మారై తీయించాము. మెదడు ఎడమ సగంలో, నీటితో నిండిన గది పక్కన ఉండవలసిన తెల్లపదార్థం (నరాల పోగులుండే భాగం) కొంత లేదని, ఆ వైపు గది వెడల్పుగా ఉందని, ఇది కుడి వైపు శరీరానికి వచ్చిన సెరిబ్రల్ పాల్సీ అని చెప్పారు.

ఆ రిపోర్టును సరిగా విప్పి చెప్పినవారు మాకు మూడేళ్ల తర్వాత గాని దొరకలేదు. ఈలోగా ఇంట్లో దానికి చాలా కారణాలు పుట్టాయి. గ్రహణం రోజున నా భార్య కూరగాయలు తరిగిందని, ఏడో నెలలో బస్సు ప్రయాణం చేసిందని, కాన్పు చేసినవారు ఆలస్యం చేశారని ఒక్కొక్కరు ఒక్కొక్కటి అన్నారు. నా భార్య ఎవరికీ ఎదురు చెప్పకుండా అన్నీ మోసింది. నిజానికి ఈ రకం గాయం గర్భంలోనే, సుమారు 24 నుంచి 34 వారాల మధ్య జరుగుతుంది. ఆ దశలో మెదడులోని నీటి గదుల అంచున అతి సున్నితమైన రక్తనాళాలు ఉంటాయి. అక్కడ రక్తం చిమ్మితే పక్కనున్న సిరలు నొక్కుకుపోయి, చుట్టూ ఉన్న కణజాలానికి రక్తప్రసరణ ఆగిపోతుంది. తల్లికి ఏ లక్షణమూ తెలియదు, తరిగిన కూరగాయలకూ దానికీ ఏ సంబంధమూ లేదు. ఈ వ్యాధిని పంతొమ్మిదో శతాబ్దం మధ్యలో లండన్‌లో వివరించిన విలియం జాన్ లిటిల్ అనే శస్త్రవైద్యుడు కష్టమైన ప్రసవాన్నే ప్రధాన కారణంగా చెప్పాడు. తర్వాత మనస్తత్వ శాస్త్రంలో ప్రసిద్ధుడైన సిగ్మండ్ ఫ్రాయిడ్, తాను నరాల వైద్యుడిగా ఉన్న కాలంలో, 1897లో దీనిపై పెద్ద గ్రంథమే రాశాడు. గర్భంలో అప్పటికే జరిగిన లోపం వల్లనే ప్రసవం కష్టమై ఉండవచ్చు కదా అన్నది అతని ప్రశ్న. ఈ విషయం చదివిన రాత్రి నా భార్యకు చదివి వినిపించాను. ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

పాప పద్దెనిమిదో నెలలో కుడి మడమ ఎత్తి నడవడం మొదలుపెట్టింది. తర్వాతి ఏళ్లు చీలమండకు కట్టు, చేతికి స్ప్లింటు, కర్నూలులో వారానికి మూడు రోజుల ఫిజియోథెరపీగా గడిచాయి. మెదడులో గాయం ఎక్కడుందో తెలుసుగాని, ఇప్పుడు ఆ చేతిని ఏ భాగం నడుపుతోందో మాత్రం ఎవరికీ తెలియదు. ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతున్న ఒక పరిశోధన బెంగళూరులో ఒక ఆస్పత్రిలో జరుగుతోందని, ఎనిమిదేళ్లు దాటి, చెప్పిన మాట అర్థం చేసుకుని, ఫిట్స్ రాని పిల్లలను తీసుకుంటున్నారని మా ఫిజియోథెరపిస్టు గారు చెప్పారు. ఒంట్లో లోహపు క్లిప్పులు, పేస్‌మేకరు వంటివి ఉన్నవారిని తీసుకోరు.

మొదటిసారి వెళ్లినప్పుడు యంత్రం దగ్గరికే తీసుకుపోలేదు. అంగీకార పత్రాన్ని ఒక్కొక్క వాక్యం చదివి తెలుగులో చెప్పారు. ఇది చికిత్స కాదని, దీనివల్ల పాపకు నేరుగా మేలు జరుగుతుందన్న హామీ లేదని, ఎప్పుడు వద్దనుకుంటే అప్పుడు మానుకోవచ్చని, మానుకున్నా వైద్యంలో తేడా రాదని స్పష్టంగా చెప్పారు. నేను సంతకం పెట్టిన తర్వాత డాక్టరమ్మ గారు పాప వైపు తిరిగి, "మీ నాన్న ఒప్పుకున్నారు, నువ్వు ఒప్పుకుంటావా?" అని అడిగారు. పుట్టినప్పటి నుంచి ఎన్నో ఆస్పత్రులు తిరిగినా ఆ మాట పాపను ఎవరూ అడగలేదు. "నొప్పి ఉంటుందా?" అని అడిగింది. "నొప్పి ఉండదు, చప్పుడు ఉంటుంది, కదలకుండా పడుకోవాలి, అదే కష్టం" అన్నారు. కాసేపు ఆలోచించి ఒప్పుకుంది.

ఆ కష్టం ఎంతటిదో మాకు తర్వాత అర్థమైంది. మామూలు ఎమ్మారైకి పిల్లలకు మత్తు ఇవ్వవచ్చు. ఈ పరీక్షలో పిల్ల మెలకువగా ఉండి, చెప్పినప్పుడు చెయ్యి కదపాలి, అదే సమయంలో తల మాత్రం కదలకూడదు. రెండు మూడు మిల్లీమీటర్లు కదిలినా ఆ చిత్రాలు పనికిరావు. కండరాలు బిగుసుకుపోయే పిల్లలు చేతి వేళ్లు తెరవడానికి ప్రయత్నిస్తే ఆ శ్రమ భుజానికి, మెడకు, దవడకు పాకుతుంది. అంటే చూడవలసిన కదలికే చిత్రాన్ని చెడగొట్టే కదలికను కూడా తెస్తుంది. అందువల్ల యంత్రం చప్పుడు రికార్డు చేసి ఇచ్చి, ఇంట్లో మూడు వారాలు సాధన చేయించమన్నారు. మంచానికి చుట్టూ దుప్పట్లు కట్టి కింద సొరంగం లాగా చేశాము. పాప అందులో వెల్లకిలా పడుకునేది, నుదుటి మీద ఒక కాగితం పడవ పెట్టేవాళ్లము, ఫోనులో ఆ టకటక చప్పుడు పెట్టేవాళ్లము. పిల్లలు వీధిలో ఆడుకునే స్టాచ్యూ ఆటనే దీనికి వాడుకున్నాము. పడవ పడిపోకుండా పిడికిలి తెరిచి మూయాలి. మొదటి రోజు పది సెకన్లకే పడింది. మూడో వారానికి నాలుగు నిమిషాలు నిలిచింది.

పరీక్ష రోజున పట్టీలు, చెవిపోగులు, జడపిన్నులు, గౌనుకున్న పిన్నీసు అన్నీ తీయించారు, కాటుక కూడా తుడిచేయమన్నారు. మా అమ్మ కట్టిన తాయెత్తు దగ్గర పాప ఆగింది. అది తీస్తే అవ్వ బాధపడుతుందని భయపడింది. ఫోను కలిపి ఇస్తే మా అమ్మ, "తీసేయ్ బంగారూ, మళ్లీ వచ్చాక నేనే కడతాను" అంది. ఆ యంత్రం మూడు టెస్లాలది, అంటే భూమి అయస్కాంత శక్తి కన్నా పదుల వేల రెట్లు బలమైనది. నా బెల్టు, గడియారం, జేబులోని టెస్టరు, ఏటీఎం కార్డు బయట పెట్టించి, నన్ను లోపలికి రానిచ్చారు. చెవుల్లో ప్లగ్గులు, వాటి మీద హెడ్‌ఫోన్లు పెట్టి, తలకు ఇరువైపులా స్పాంజీ ముక్కలు సర్దారు. నేను ఆమె పాదాన్ని పట్టుకుని నిలబడ్డాను. తల పైన ఉన్న అద్దంలో ఆమెకు తెర కనిపిస్తుంది. ఆకుపచ్చ వలయం వస్తే చెయ్యి తెరిచి మూయాలి, ఎర్రటిది వస్తే ఆపాలి. ఇరవై సెకన్లు పని, ఇరవై సెకన్లు విశ్రాంతి, ఇలా ఆరుసార్లు.

ఎడమ చెయ్యి వంతు బాగా జరిగింది. కుడి చెయ్యి వంతులో రెండో నిమిషానికే ఆమె పాదం నా చేతిలో బిగుసుకుంది. భుజం లేచింది, తల కదిలింది. మళ్లీ మొదలుపెట్టారు, మళ్లీ కదిలింది. మూడోసారి ఆమె ఏడవడం మొదలుపెట్టగానే డాక్టరమ్మ గారు ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా బయటికి తీయించారు. "నేను చెడగొట్టాను నాన్నా" అంది పాప. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే హోంవర్కు బల్ల దగ్గర ఆ మాటను ఆమెకు నేర్పింది నేనే.

రెండు వారాల తర్వాత మళ్లీ వెళ్లాము. ఈసారి వాళ్లే పద్ధతి మార్చారు. పూర్తిగా తెరిచి మూయడానికి బదులు, చేతిలో మెత్తని రబ్బరు బంతి పెట్టి కొద్దిగా నొక్కితే చాలన్నారు. మోచేతి కింద దిండు పెట్టి చేతి బరువు లేకుండా చేశారు. అలా చేయడంతో భుజం లేవలేదు. కుడి, ఎడమ చేతుల వంతులు అయ్యాక, పాప ఏమీ చేయకుండా ఉంటే ఒక సహాయకురాలు కుడి చేతి వేళ్ల మీద కుంచెతో మెల్లగా రాసే వంతు ఒకటి, ఏ పనీ లేకుండా కదలకుండా పడుకునే వంతు ఒకటి జరిగాయి. మొత్తం నలభై నిమిషాలు పట్టింది.

ఫలితాలు చెప్పడానికి నెల తర్వాత పిలిచారు. తెర మీద బూడిద రంగు మెదడు, దాని మీద నారింజ రంగు మచ్చలు. ముందుగా ఆ రంగులు ఏమిటో చెప్పారు. మెదడులో ఒక భాగం పని చేసినప్పుడు అక్కడికి ఆక్సిజన్ నిండిన రక్తం ఎక్కువగా వస్తుంది. ఆక్సిజన్ ఉన్న రక్తానికీ లేని రక్తానికీ అయస్కాంత గుణంలో తేడా ఉంది. ఈ తేడాతో మెదడు పనిని చూడవచ్చని సెయిజీ ఒగావా అనే శాస్త్రవేత్త 1990లో చూపించాడు. కాబట్టి యంత్రం నరాల సంకేతాలను నేరుగా కొలవదు, వాటి వెనుక ఐదారు సెకన్లు ఆలస్యంగా వచ్చే రక్తాన్ని కొలుస్తుంది. ట్రాన్స్‌ఫార్మరు మీద లోడు పడిన కొంతసేపటికి నూనె వేడెక్కుతుంది, ఆ వేడిని చూసి లోడును అంచనా వేస్తాము, ఇదీ అలాంటిదేనని నాకు తోచింది. పైగా వచ్చే తేడా నూటికి ఒకటి రెండు వంతులకు మించదు. అందుకే అన్నిసార్లు చేయించి, లెక్క కట్టి, ఒక హద్దు దాటిన చోట కంప్యూటరు రంగు పూస్తుంది. హద్దు మార్చితే మచ్చ పెరుగుతుంది, తగ్గుతుంది. తమ బిడ్డ స్కాను చూసే ప్రతి తల్లీతండ్రీ అడిగి తెలుసుకోవలసిన సంగతి ఇది.

మామూలుగా కుడి చెయ్యి కదిపితే ఎడమ సగంలో రంగు కనిపించాలి. పాప ఎడమ చెయ్యి కదిపినప్పుడు కుడి సగంలో కనిపించింది, అది సరే. కుడి చెయ్యి కదిపినప్పుడు కూడా కుడి సగంలోనే, దాదాపు అదే చోట, కనిపించింది. నాకు వెంటనే ఒక అనుమానం వచ్చింది. కుడి చెయ్యి నొక్కేటప్పుడు ఎడమ చెయ్యి కూడా కదులుతుంది కదా, ఆ రంగు ఎడమ చేతిది కాదని ఎలా తెలుస్తుంది అని అడిగాను. డాక్టరమ్మ గారు సంతోషించి, సరిగ్గా ఆ కారణం వల్లనే ఈ ఒక్క పరీక్షతో తేల్చకూడదని, రెండు చేతులనూ వీడియో తీశామని, ఇంకో రెండు ఆధారాలు చూడాలని చెప్పారు.

ఒకటి, పాప ఏ పనీ లేకుండా పడుకున్నప్పుడు తీసిన చిత్రాలు. మెదడులో నీటి అణువులు నరాల పోగుల వెంబడి సులువుగా, అడ్డంగా కష్టంగా కదులుతాయి కాబట్టి, వాటి కదలిక దిక్కును బట్టి పోగుల దారులను గీయవచ్చు. అందులో కుడి వైపు నుంచి దిగే దారి లావుగా ఉంది. ఎడమ దారి నీటి గది పక్కకు వచ్చేసరికి సన్నని దారం లాగా మిగిలింది. రెండోది స్కాన్ తీసిన రోజే మధ్యాహ్నం చేశారు. రెండు చేతుల కండరాల మీద స్టిక్కర్ల వంటి ఎలక్ట్రోడ్లు అంటించి, ఎనిమిది అంకె ఆకారంలో ఉన్న తీగచుట్టను తల మీద ఆనించి, ఒక్కొక్క అయస్కాంత స్పందన ఇచ్చారు. ఎడమ వైపు ఎన్ని చోట్ల ఇచ్చినా కుడి చెయ్యి పలకలేదు. కుడి వైపు ఇచ్చినప్పుడు రెండు చేతుల బొటనవేళ్లూ ఒకేసారి అదిరాయి. పాప తన రెండు చేతులనూ చూసుకుని, "నేను కదపలేదు నాన్నా, అవే కదిలాయి" అంది.

పుట్టినప్పుడు మనందరి మెదడులో ఒక్కొక్క సగం నుంచి రెండు చేతులకూ దారులు ఉంటాయట. మొదటి ఏడాది రెండేళ్లలో ఎదుటి వైపు దారులు బలపడి, అదే వైపు దారులు పోటీలో ఓడి వెనక్కి తగ్గుతాయి. పాప విషయంలో ఎడమ సగం నుంచి పోటీ పడవలసిన దారి గర్భంలోనే తెగిపోయింది. అందువల్ల కుడి సగం నుంచి కుడి చేతికి వెళ్లే దారి వెనక్కి తగ్గకుండా ఉండిపోయి, ఆ చేతి బాధ్యత తీసుకుంది. మా శాఖలో ఒక 11 కేవీ ఫీడరు (సబ్‌స్టేషను నుంచి ఊళ్లకు కరెంటు తీసుకెళ్లే లైను) దెబ్బతింటే, ఏబీ స్విచ్ కలిపి పక్క ఫీడరు నుంచి ఆ ఊరికి సరఫరా ఇస్తాము. ఊరు చీకట్లో ఉండదు, కానీ రెండు ఊళ్లూ ఒకే బ్రేకరు మీద ఉన్నంతకాలం ఒకదానికి ఆపితే రెండో దానికీ పోతుంది. పాప రెండు చేతులూ అలా ఉన్నాయి. ఇరవై ఏళ్లుగా ఈ పని చేస్తున్న నేను, ఒక ఊరికి సరఫరా ఆపకుండా రెండో ఊరికి ఆపమని ఆ పిల్లను అన్నేళ్లు గద్దించాను.

నన్ను ఇంకా ఆశ్చర్యపరచినది కుంచె పరీక్ష. కుడి వేళ్ల మీద కుంచె రాసినప్పుడు రంగు ఎడమ సగంలో, గాయం ఉన్న వైపే, కనిపించింది. స్పర్శను తెచ్చే పోగులు గర్భంలో ఆలస్యంగా పెరుగుతాయి కాబట్టి, గాయాన్ని చుట్టి తమ చోటుకు చేరుకోగలిగాయని చెప్పారు. అంటే ఆ చేతికి ఆజ్ఞ ఒక సగం నుంచి వస్తుంది, దాని స్పర్శ రెండో సగానికి చేరుతుంది. ఇంటికి వచ్చాక పాప కళ్లు మూయించి కుడి అరచేతిలో నాణేలు పెట్టి చూశాను. రూపాయినీ ఐదు రూపాయలనూ తప్పు లేకుండా చెప్పింది. ఆ చేతికి స్పర్శ సరిగా తెలియదని అంతకాలం అనుకున్నాము, ఎవరూ పరీక్షించనే లేదు.

చికిత్సలో వచ్చిన మార్పు గురించి జాగ్రత్తగా చెప్పాలి. పాపకు ఐదేళ్లప్పుడు బాగున్న ఎడమ చేతికి తొడుగు వేసి, రోజుకు మూడు గంటలు కుడి చేతినే వాడించే పద్ధతిని మూడు వారాలు చేయించాము. చాలా ఏడ్చింది, ఫలితం కొంచెమే వచ్చింది. ఆ పద్ధతి ఎంతోమంది పిల్లలకు మేలు చేసింది, దాన్ని నేను తప్పు పట్టడం లేదు. అయితే రెండు చేతులూ ఒకే సగం నుంచి నడిచే పిల్లలకు దానివల్ల లాభం తక్కువని కొన్ని పరిశోధనలు, పెద్ద తేడా లేదని మరికొన్ని పరిశోధనలు చెబుతున్నాయి. అందుకని మా ఫిజియోథెరపిస్టు గారు రెండు చేతులూ కలిసి చేసే పనుల వైపు మళ్లించారు. చపాతీ ఒత్తడం వంటి పనుల్లో రెండు చేతులూ ఒకే తీరుగా కదులుతాయి కాబట్టి అవి త్వరగా వచ్చాయి. స్కేలు పట్టుకుని గీత గీయడం ఇప్పటికీ కష్టమే, ఎందుకంటే ఎడమ చెయ్యి పెన్సిలు కదిపితే కుడి చెయ్యి స్కేలును కదుపుతుంది. దానికి స్కేలు అడుగున రబ్బరు పట్టీ అంటించాము. సాయంత్రాలు మా అమ్మ దగ్గర కూర్చుని పూలు కట్టడం నేర్చుకుంటోంది. దారం కొసను కాలి బొటనవేలికి కట్టుకుని, కుడి వేళ్ల మధ్య రెండు మల్లెలు అదిమిపెట్టి, ఎడమ చేత్తో దారం తిప్పుతుంది. పూలు నలుగుతాయి. మా అమ్మ ఆ దండనే దేవుడి పటానికి వేస్తుంది.

ఈ స్కానింగు వల్ల పాప చెయ్యి బాగుపడలేదు. ఆ చెయ్యి ఎంతవరకు బాగుపడుతుందో కూడా ఆ చిత్రం చెప్పలేదు, అలా చెప్పగలమని పరిశోధకులు ఎప్పుడూ అనలేదు. ఒకే రకం గాయం ఉన్న ఇద్దరు పిల్లల మెదళ్లు వేర్వేరు దారులు వెతుక్కోవచ్చు కాబట్టి, మా పాప సంగతి ఇంకో బిడ్డకు వర్తిస్తుందని ఎవరూ అనుకోవద్దు. ఈ పరీక్ష ఇప్పటికీ ఎక్కువగా పరిశోధన కోసమే జరుగుతుంది. డబ్బు తీసుకుని ఇదే చికిత్సను తేల్చేస్తుందని ఎవరైనా చెబితే, రెండు చేతులూ కలిసి కదిలే పిల్లల్లో ఆ రంగు ఏ చేతిదో ఎలా తేల్చారని తప్పకుండా అడగండి.

రెండు చేతుల పనులు మొదలుపెట్టి ఏడాది నిండుతోంది, ఇప్పుడు మళ్లీ స్కాన్ తీస్తామని కబురు చేశారు. నేను ఆమెను వెళ్దామా అని అడిగాను, ఒప్పుకుంది. మొన్న ఆదివారం మంచానికి మళ్లీ దుప్పట్లు కట్టాము. కాగితం పడవను ఈసారి తనే, ఎడమ చేత్తో మడత పెడుతూ కుడి చేత్తో అదిమిపట్టి, చేసుకుంది.